ఎర్ర రంగు వేసిన రింగు

నువ్వు లొంగిపోయావు.

ఎవరో బెదిరిస్తే కాదు, ఎవరో ఆశపెడితే కాదు. "వయసు వచ్చింది కదమ్మా, ఇక నీడపట్టున కూర్చోండి" అని మీ పెద్దసారు తియ్యగా ఒక మాట అనేసరికి తల వంచేశావు. అడవిపంది ఎదురుగా వస్తుంటే రెప్ప వెయ్యని అడవిజంతువుల డాక్టరువి, చక్రాల కుర్చీలో గిరగిర తిరిగే ఒక అటవీశాఖ ఆఫీసరు ముందు వెన్ను వంచావు. పైగా "నేనే ఒప్పుకున్నాను, ఎవరినీ ఏమీ అనకు" అని నా నోటికి ముందే తాళం వేశావు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నా కోపం నషాళానికంటి ఉంది. నేను కోపంగా ఉన్నప్పుడు రాసినవే బాగుంటాయని నువ్వే అంటావు కదా, అందుకని చివరిదాకా చదువు.

ఏమోయ్, క్షేమం రాసే మర్యాద కూడా మరిచిపోలేదు. ఇక్కడ అందరం వేళకి తింటున్నాం, వేళకి విసుక్కుంటున్నాం, కాబట్టి క్షేమమే. అక్కడ నువ్వూ, నీ జీపూ, జీపు కింద పడుకునే ఆ కుంటికుక్కా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. "కోడలైతే పట్టీ కడుతుంది. నువ్వు పార్సిలు కడుతున్నావురా" అంటోంది. చిన్నది పరీక్షలు రాసింది. ఎలా రాశావని అడిగితే "చదవగలిగేట్టు రాశాను" అంది. ఆ నోరు ఎవరి పోలికో మనిద్దరం తేల్చుకోవాలి. వంటింటి కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోందన్నావు, నేనే స్వయంగా బాగుచేశాను. ఇప్పుడు ధారగా కారుతోంది.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివానంటే, అందులోని ప్రతి వాక్యాన్నీ నీకే తిరిగి అప్పజెప్పగలను. ధాన్యం గిడ్డంగిలోకి ఎలుగుబంటి దూరింది. పొద్దు వాలుతోంది. నువ్వు ఎదురుగా ఉన్న అరుగు మీద పడుకుని మత్తుసూది తుపాకీ ఎక్కుపెట్టావు. తుపాకీ మీద బిగించే దుర్భిణి గొట్టం, ఆ స్కోపులో చూస్తే గురిగీతలు కనిపించలేదు. "నల్లటి బొచ్చు మీద నల్లటి గీతలు ఎక్కడున్నాయో తెలియలేదు. కనిపించినంత మేర కూడా తడిసిన సిరాలా అలుక్కుపోయాయి" అని రాశావు. అయినా జంతువు గోడ వైపు కదులుతోందని వేశావు. సూది బస్తాలో దిగింది. ఎలుగుబంటి బెదిరి బయటికి దూకింది. ప్రహరీ ఎక్కిన గార్డు అటువైపు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. "ఆ చెయ్యి నా కళ్ళ వల్ల విరిగింది" అని రాసి, ఆ వాక్యం కింద గీత కూడా గీశావు.

దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది. నువ్వు సిగ్గుపడుతూ రాసిన వాక్యం. "చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని చూస్తే గీతలు తేరుకుంటున్నాయి. కుర్రాళ్ళు పక్కకి తిరిగి నవ్వారు. ఇంతకంటే రుజువేం కావాలి?" అన్నావు. అందుకే రికార్డు రూములో కూర్చునే పోస్టుకి ఒప్పుకున్నావు. నెలాఖరుకి సంతకం పెడతానన్నావు. స్కోపుని విప్పి డ్రైవరు చేత ఇంటికి పంపి, హెడ్డాఫీసు స్టోరులో అప్పజెప్పమన్నావు.

అప్పజెప్పలేదు. నా ముందు భోజనాల బల్ల మీద, ఊరగాయ జాడీకి ఆనించి ఉంది.

తుపాకీకి సంబంధించిన వస్తువు నా ఇంట్లో నా బల్ల మీద! తుపాకీ ఏ చేతిలో ఉన్నా తుపాకీయే అని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో నీకు తెలుసు. పెళ్ళైన కొత్తలో నీతోనూ అదే వాదించాను. "నా తుపాకీ నిద్రపుచ్చుతుంది, అంతే. నీ ఉపన్యాసం కూడా చేసేది అదేగా కరపత్రంగారూ" అన్నావు. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో నా పేరు కరపత్రం. ఆ వాదనలో ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోను, కానీ ఆ తర్వాత ఆ వాదన ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్న దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మొదట దుమ్మేమో అనుకున్నాను. చొక్కా అంచుతో తుడవబోతే చిన్నది చేతిలోంచి లాక్కుంది. "గీతలు పడతాయి నాన్నా! అమ్మ చూస్తే నిన్ను నిద్రపుచ్చుతుంది" అని, కెమెరా తుడిచే మెత్తటి గుడ్డ తెచ్చి రెండు అద్దాలూ తనే తుడిచింది. మార్పు లేదు. లోపల చెమ్మ పట్టిందేమో అని వెలుతురికి ఎదురుగా పట్టి చూశాం. నీటి పొర లేదు, మచ్చ లేదు. పక్కన చిన్న మూత ఉంటే విప్పాం. లోపల బొత్తామంత బ్యాటరీ, తుప్పు పట్టి, ఉప్పు పూసి ఉంది. అది పనిచేస్తే గీతల మధ్యలో ఎర్రటి వెలుగు చుక్క వస్తుందట! నల్లటి జంతువు మీద పొద్దువాలిన వేళ గురి కనిపించాలనే కదా దాన్ని పెట్టింది? నీ ఉత్తరాల్లో ఏనాడూ వెలుగు చుక్క మాట లేదు. అంటే అది వెలగడం నువ్వు ఎప్పుడూ చూడనేలేదు. నీ కళ్ళ మీద నిందవేసిన డిపార్టుమెంటుకి ఒక బొత్తాం బ్యాటరీ కొనడానికి చేతులు రాలేదు. దీని మీద నేను వేరే రాస్తాను, ఇక్కడ రాస్తే కాగితం కాలిపోతుంది.

కానీ పట్టపగలు కూడా గీతలు అలుక్కుపోయే ఉన్నాయి. దానికి బ్యాటరీ కారణం కాదు. కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు వైపు పెట్టి చూశాను. ట్యాంకు మసక, గీతలు మసక. నాకూ నీ ఈడే కదా, మనిద్దరి కళ్ళూ ఒకేసారి రిటైరయ్యాయి కాబోలు అనుకున్నాను. చిన్నది చూసింది. "మొదట అలుక్కుపోయినట్టుంది. తర్వాత సర్దుకుంది. బాగానే ఉందిగా నాన్నా! కాకపోతే కన్ను లాగేస్తోంది" అంది.

అప్పుడు అమ్మ సోఫాలోంచి లేచింది. "ఏమిట్రా ఆ గొట్టం, తండ్రీకూతుళ్ళు వంతులేసుకుని చూస్తున్నారు? ఇలా తే."

"నీకేం కనిపిస్తుందే? హాల్లోంచి నన్ను చూసి పాలవాడా అని పిలుస్తావు."

"పాలవాడికి నీకంటే మర్యాద ఎక్కువలే. తే."

కళ్ళజోడు అద్దానికి కొట్టుకుంటోందని తీసి ఒళ్ళో పెట్టుకుంది. కంటికి ఆనించింది. ఒక్క క్షణం. "కాకి. ట్యాంకు మూత మీద కూర్చుంది. దాని ముక్కు మీద మీ అడ్డగీత ఉంది, వెంట్రుకంత సన్నంగా. దీన్ని పట్టుకుని మసకంటావేం? నీ బుర్ర మసక."

నేనూ చిన్నదీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కళ్ళజోడు తీస్తే తన చెయ్యి తనకే సరిగా కనపడని మనిషికి గీతలు వెంట్రుకంత సన్నంగా కనిపించాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లకి కన్ను లాగితే గాని కుదరలేదు. నీ ఈడు వాడినైన నాకు అసలే కుదరలేదు. తప్పు గీతల్లో ఉంటే ముగ్గురికీ ఒకేలా ఉండాలి కదా?

అమ్మకి కళ్ళజోడు చేసే షాపావిడ దగ్గరికి పరుగెత్తాను. స్కోపుని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "ఏం సార్, మొన్నే తుపాకులొద్దని ఊరేగింపు చేశారు. ఇవాళ ఇదేమిటి?"

"మా ఆవిడది."

"అదీ సంగతి! ఇంట్లో మాత్రం ఊరేగింపు లేదన్నమాట." ఆ తర్వాత కంటివైపు ఉన్న రింగు మీద గోరుతో తట్టింది. "ఇదిగో మీ రోగం ఇక్కడుంది. ఈ వెనక రింగు చూసేవాళ్ళ కంటికి గీతల్ని సర్దడానికి. ఎవరి కంటికి వాళ్ళు తిప్పుకోవాలి. మీ అమ్మగారి కళ్ళజోడు నేనే చేశాను, బాగా మైనస్. అంటే దీన్ని ఆవిడలా దూరం ఆనని మనిషెవరో తన కంటికి పెట్టుకున్నారు. కానీ తిరగదే? రంగేసి అంటించేశారు! ఎవరండీ ఆ మహానుభావుడు?"

"మరి మా ఆవిడ ఇన్నేళ్ళూ దీంతోనే గురి కొట్టింది కదా?"

"కుర్ర కన్ను సాగుతుంది సార్. పుస్తకం దగ్గర పెట్టుకుంటే దగ్గరికి సర్దుకుంటుంది చూడండి, అలా ఈ గొట్టంలో చూసిన ప్రతిసారీ సర్దుకుని ఉంటుంది. నలభై దాటాక కన్ను మొండికేస్తుంది. అది జబ్బు కాదు. చదువుకునే కళ్ళజోడు పెట్టుకుంటే గీతలు తేరుకున్నాయన్నారుగా? కన్ను సాగి చెయ్యలేని కొంత పని ఆ కళ్ళజోడు చేసిపెట్టింది, అంతే. రింగు సరిగ్గా పెడితే ఆ కళ్ళజోడుతో పనే ఉండదు."

నువ్వు ఎన్నోసార్లు రాశావు, "ఎర్ర రంగు తాకితే సస్పెన్షన్" అని. ఇప్పుడర్థమైంది మీవాళ్ళ తెలివి. పైన ఒక మర, పక్కన ఒక మర ఉన్నాయి, అవి కదిలితే సూది పోయే చోటు మారిపోతుంది. వాటిని పరీక్షించి రంగుతో ముద్రవెయ్యడంలో అర్థముంది. కానీ కంటి దగ్గర రింగు తిరిగితే సూది పోయే చోటు వెంట్రుకవాసి కూడా మారదట. దానికెందుకు వేశారు రంగు? తిరిగేవన్నీ ప్రమాదమే అనుకునే బుర్రలు మీ ఆఫీసులోనే కాదు, ప్రతి ఆఫీసులోనూ ఉన్నాయి. ఒకరి కంటికి పెట్టిన కొలతని అందరి కళ్ళకీ కొలత అన్నారు, అది కుదరని కంటికి లోపమని పేరుపెట్టారు. నేను ఇన్నాళ్ళూ కరపత్రాల్లో రాస్తున్నదంతా నీ స్కోపు వెనక రింగులో దొరికిందోయ్! నేను దేశమంతా వెతికాను.

ఇంతకీ ఆ రంగు వేసిన చెయ్యి ఎవరిదో నీకూ నాకూ తెలుసు. నీకు తుపాకీ పట్టడం నేర్పిన గురి మాస్టారు. రిటైరైన తర్వాత మా ఆఫీసు వెనక వీధిలోనే, రెండో అంతస్తులో ఉంటున్నారు. దెబ్బలాడ్డానికే వెళ్ళాను, అబద్ధమెందుకు. మెట్లెక్కేటప్పుడు మొదటి వాక్యం కూడా తయారు చేసుకున్నాను.

తలుపు తీసిన మనిషికి సోడాబుడ్డి అద్దాలు. నా మొదటి వాక్యం మెట్ల మీదే ఉండిపోయింది.

"మీకు కళ్ళజోడుందా మాస్టారూ?"

"రిటైరయ్యాక వచ్చిందిలే" అన్నారు. ఆయన వెనక వంటింట్లోంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది: "పెళ్ళిచూపుల నాడే ఉంది. తీసి జేబులో దాచుకుని, నా బదులు మా చెల్లెల్ని చూసి నచ్చిందన్నాడు."

స్కోపు చేతిలో పెట్టాను. ఎర్ర రంగు మీద వేలు పెట్టి చూపించాను. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, బాల్కనీలోకి వెళ్ళి, స్కోపు కంటికి ఆనించారు. "ఇదే" అన్నారు. "నా కన్నే."

తర్వాత చెప్పారు. అప్పట్లో కళ్ళజోడు ఉన్నవాణ్ణి తుపాకీ దగ్గరికి రానిచ్చేవారు కాదట. అందుకని అద్దాలు తీసేసి, రింగుని తన కంటికి సరిపోయేదాకా తిప్పుకుని, ఇంకెవరైనా చూసి "ఇదేమిటి ఇలా ఉంది" అంటారనే భయంతో పైన మర, పక్క మరతో పాటు దానికీ రంగు వేసేశారు. అడిగినవాళ్ళకి అది రూలని చెప్పారు. తర్వాత అది నిజంగానే రూలైపోయింది. ఆయన వెళ్ళిపోయినా రూలు వెళ్ళలేదు. ఏటా ఎవరో పాత ముద్ర మీద కొత్త రంగు పూస్తున్నారు.

"మరి డాక్టరమ్మకి చెప్పొద్దా మాస్టారూ? శిష్యురాలే కదా?"

"చెబుదామనే అనుకున్నానండీ. ఆవిడ వచ్చిన మొదటి వారంలోనే వంతెన మీద నుంచి ఒక జింకని మత్తుసూదితో కొట్టింది. మెడకి ఇనుపతీగ బిగుసుకుని, నీళ్ళలో దిగి నిలబడింది పాపం. అడ్డంగా గాలి. నేనైతే వెయ్యను, వదిలెయ్యమన్నాను. ఆవిడ వేసింది. తొడ కండలో, చేత్తో గుచ్చినట్టు దిగింది. ఒడ్డుకి వచ్చి పడుకునేదాకా కదలకుండా చూస్తూనే ఉంది. ఇంత బాగా కొడుతోంది కదా, ఈవిడకి కూడా నాలాంటి కళ్ళే కాబోలు అనుకున్నాను." ఆగి, స్కోపు వైపు చూశారు. "ఈవిడకి మామూలు కళ్ళేనా?"

"మామూలువే."

"అయితే ఆ జింకని... ఆ తర్వాతవన్నీ..." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీకర్థమవుతోందా? ఆవిడ ప్రతిసారీ కళ్ళతో బరువులెత్తి, ఆ తర్వాత గురి చూసింది. నాకు అలా పెట్టిస్తే ఏనుగు కూడా తగిలేది కాదండీ."

నేను దెబ్బలాడ్డానికి వచ్చిన సంగతి మర్చిపోయాను. ఇద్దరం కాసేపు నీ గురించే మాట్లాడుకున్నాం. నువ్వు పేల్చేముందు ఊపిరి సగం వదిలి ఆపుతావని, సూది దిగాక చప్పట్లు కొట్టేవాళ్ళని కసురుతావని, మత్తులో ఉన్న జంతువు కళ్ళకి గుడ్డ కట్టి దాని చెవిలో ఏదో చెబుతావని ఆయన చెబితే విన్నాను. ఏం చెబుతావోయ్? ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియనివి ఒక రిటైర్డు షూటరు చెబుతుంటే నోరు తెరుచుకుని కూర్చున్నాను.

లేచేటప్పుడు ఆయనే అన్నారు. "పెద్దసారు దగ్గరికి నేనొస్తాను. రంగు నేనే వేశానని చెబుతాను. కళ్ళజోడు పెట్టుకునే వస్తాను." లోపల్నుంచి వాళ్ళావిడ, "నేను కూడా వస్తాను, జేబులో పెట్టుకోకుండా చూడ్డానికి" అంది.

ఇంటికొచ్చాక, ప్రభుత్వంవారి ఎర్ర రంగుని నీ కూతురు గోళ్ళరంగు చెరిపే మందుతో చెరిపేసింది. వెనక రింగు మీది రంగు మాత్రమే. పైన మర, పక్క మర జోలికి పోలేదు. సస్పెండ్ చెయ్యాలంటే దాన్ని చెయ్యమను. షాపావిడ చెప్పినట్టు ఖాళీ ఆకాశం వైపు పెట్టి, చటుక్కున చూడ్డం, కన్ను పక్కకి తియ్యడం, కొంచెం తిప్పడం, మళ్ళీ చటుక్కున చూడ్డం. తేరిపార చూస్తూ తిప్పితే కన్ను మోసం చేస్తుందట, మసకకే సర్దుకుపోతుందట. మనుషులు కూడా అంతే కదా అని నేను ఉపన్యాసం మొదలెట్టబోతే చిన్నది "తిప్పు నాన్నా" అంది.

తిప్పుతూ ఉండగా ఒక్కసారి గీతలు పుట్టాయి. ఆ మాటే సరైనది. లేనివి ఉన్నాయి. నల్లగా, వెంట్రుకంత సన్నంగా, ఆకాశం మీద ఎవరో పదునైన కలంతో గీసినట్టు. కాకి మళ్ళీ ట్యాంకు మీదికి వచ్చింది. మధ్యలో పెట్టాలని చూశాను. నా గుండె కొట్టుకున్నప్పుడల్లా గీత కాకి మీంచి ట్యాంకు మీదికి జారిపోతోంది. ఊపిరి పీలిస్తే ఎదురింటివాళ్ళ యాంటెన్నా మీదికి పోతోంది. దీన్ని నువ్వు ఒక ప్రాణం మీద, దాని కండ మీద, ఎముకకి తగలకుండా, కళ్ళు లాగుతుండగా నిలబెట్టావు. నాకు మైకు ముందు కూడా చేతులు ఆగవు. నీ పని గొప్పదని సభల్లో చాలాసార్లు అన్నాను. అది ఎంత కష్టమో తెలిసి అన్న మాట కాదు.

ఇక్కడిదాకా వచ్చావు కాబట్టి ఒక మాట. మొదటి పేజీలో అబద్ధం రాశాను. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ కోపంగా ఉన్నానని రాశాను కదా? కోపం మర్నాడు వచ్చింది.

చదివిన వెంటనే నాకు వచ్చింది సంతోషం.

నీకు గీతలు కనిపించడం లేదు, నువ్వు ఇంటికొచ్చేస్తావు, పొద్దున్నే ఇద్దరం కలిసి పేపరు చదువుకుంటూ దెబ్బలాడుకోవచ్చు, ఫోను మోగినప్పుడల్లా ఏ పులి ఏ పంజా విసిరిందో అని నా గుండె జారదు. ఇదీ నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన. ఆడవాళ్ళ పని ఆడవాళ్ళ హక్కు అని అరిచేవాడి బుర్రలోకి! మర్నాడు వెనక గదిలో అట్టపెట్టెలు జరిపి నీ టేబులు ఎక్కడ పడుతుందో జానలతో కొలుస్తున్నాను. చిన్నది గుమ్మంలో నిలబడింది. ఎంతసేపట్నుంచి చూస్తోందో తెలియదు. "అమ్మకి కనపడటం లేదంటే నీకు నవ్వెందుకొస్తోంది నాన్నా?" అంది.

పెట్టెలు మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. కోపం అప్పుడొచ్చింది, మీ పెద్దసారు మీద కాదు. ఆయన నిన్ను తియ్యటి మాటతో కూర్చోబెట్టాలనుకున్నాడు, నేను ప్రేమతో కూర్చోబెట్టాలనుకున్నాను. కుర్చీ ఒకటే. స్కోపు చేతిలోకి తీసుకున్నది ఆ తర్వాతే, అదీ నా మొహం చిన్నదానికి చూపించలేక. నువ్వు లొంగిపోయావన్నాను కదా, ఈ ఇంట్లో ముందు లొంగింది నేను. నీ మీద బెంగకి.

బెంగ ఇప్పటికీ ఉంది. నువ్వు ఈ ఉత్తరం చదివి మళ్ళీ అరుగుల మీద, గట్ల మీద పడుకుంటావని తెలిసే రాస్తున్నాను. అక్షరాలు అలుక్కుపోతే రింగు తిప్పుకో.

స్కోపు, కొత్త బ్యాటరీ ఒకటి, దానికి తోడు ఒకటి, మెత్తటి గుడ్డ అదే డ్రైవరు చేతికి ఇస్తున్నాను. నువ్వు నా డిమాండ్లు చాలా చూశావు. గోడల మీద అంటించినవి, గేట్ల ముందు అరిచినవి. ఇవి నీకు మాత్రమే.

ఒకటి. నెలాఖరుకి ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దు.

రెండు. వెనక రింగుని నీ కంటికి నువ్వే తిప్పుకోవాలి. ఖాళీ ఆకాశం వైపు, పగటివేళ, సూర్యుడికి దూరంగా. చదువుకునే కళ్ళజోడు తీసేసి.

మూడు. తిప్పాక కూడా అడ్డగీత తేటగా, నిలువుగీత మసకగా కనిపిస్తే స్కోపుని చేత్తో పట్టుకుని పావువంతు గుండ్రంగా తిప్పి చూడాలి. గీతలు తిరిగాక కూడా నిలువుగా వచ్చిన గీతే మసకగా ఉంటే అది కంటి సంగతి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పెద్దసారు దగ్గరికి కాదు.

నాలుగు. జంతువు ముందుకి వెళ్ళేలోపు చెక్క మీద ఖాళీ సూదులతో పరీక్షించి, అవి ఎక్కడ దిగాయో నాకు రాయాలి.

అయిదు. నీ తర్వాత ఆ తుపాకీ పట్టుకునే ప్రతివాళ్ళకీ, నవ్విన కుర్రాళ్ళతో సహా, రింగు తిప్పుకోవడం నేర్పాలి. ఎర్ర రంగు డబ్బా ఎవరి చేతిలో ఉన్నా సరే.

ఆరు. చెయ్యి విరిగిన గార్డుకి నిజం చెప్పాలి. క్షమాపణ అడగవలసింది డిపార్టుమెంటని కూడా చెప్పాలి.

ఏడు. ఇవన్నీ చేశాక కూడా నీకు కనిపించకపోతే ఇంటికి రా. ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వను.

ఎనిమిది. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం రావద్దు.

ఇట్లు,
అక్కడ నీ గురికీ, ఇక్కడ తన గుండెకీ హామీ ఇవ్వలేకపోతున్న
నీ మొగుడు